బోరు నీళ్ళూ, ఆఫ్రికా చేపలూ

(తిరుపతిలో రంగు చేపలు పెంచేవాళ్ళు కలిసిన ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను ఆఫ్రికన్ సిక్లిడ్‌లు అనే రంగు చేపల గురించి మాట్లాడమన్నారు. దుకాణాల్లో వీటిని ‘ఆఫ్రికన్ మిక్స్’ అని ఒకే తొట్లో పోసి అమ్ముతుంటారు. పసుపు, నీలం, నారింజ, చారలవి, అన్నీ కలిపి. మనం రంగుకొకటి చొప్పున ఏరుకుని ఇంటికి తెచ్చుకుంటాం. కొన్నాళ్ళు హాలు కళకళలాడిపోతుంది. తర్వాత ఒకటి మూలకు చేరుతుంది, ఇంకోదాని తోక చిరుగుతుంది, ఒకరోజు పొద్దున్నే ఒకటి పైకి తేలి ఉంటుంది. చివరికి ఒక్కటే మిగిలి తొట్టె మొత్తం నాదే అన్నట్టు తిరుగుతుంది. అప్పుడు నాకు ఫోన్ చేసి ‘ఇవి రౌడీ చేపలు సార్, వీటికంటే గోల్డ్ ఫిష్ నయం’ అంటారు.

చేపలో తప్పేమీ లేదు. అది ఎక్కడిదో, అక్కడ ఎట్లా బతుకుతుందో చూసుకుని తొట్టె పెడితే, మన తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో ఇంత సులువుగా పెరిగే రంగు చేపలు తక్కువ. ఎందుకంటే, మనం రోజూ తిట్టుకునే ఉప్పు బోరు నీళ్ళే దానికి కావాలి. అది ఎట్లాగో చెబుతాను.

ముందు ఊరు చూద్దాం. తూర్పు ఆఫ్రికాలో భూమి చీలుతూ ఏర్పడిన పొడవాటి లోయ ఉంది. అందులో టాంగనీకా, మలావీ అని రెండు పెద్ద సరస్సులు. టాంగనీకా లోతు దాదాపు 1,470 మీటర్లు. మంచినీటి సరస్సుల్లో బైకాల్ తర్వాత లోతులో దానిదే స్థానం. మలావీ లోతు దాదాపు 700 మీటర్లు. ఈ చీలిక రెండు పాయల మధ్యలో విక్టోరియా ఉంది. అది విస్తీర్ణంలో ఆఫ్రికాలోకెల్లా పెద్దది, లోతు మాత్రం 80 మీటర్లే. ఈ మూడింట్లోనూ వందల కొద్దీ సిక్లిడ్ జాతులు పుట్టాయి. ఒక సరస్సు చేప ఇంకో సరస్సులో దాదాపుగా కనిపించదు. మలావీలో అయితే ఒక్కోసారి ఒక రాళ్ళ గుట్ట దగ్గరుండే రంగు, మధ్యలో ఇసుక దాటి అవతలి గుట్టకు వెళితే మారిపోతుంది. ఆ ఇసుక దాటడం కూడా వాటికి పెద్ద ప్రయాణమే. సరస్సు దక్షిణపు కొసన ఉన్న నేషనల్ పార్కును 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ముఖ్యంగా ఈ చేపల కోసమే.

మన దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా మలావీవి. వాటిలో రాళ్ళ మధ్య ఉండే గుంపును ఎంబునా అంటారు. ఎల్లో ల్యాబ్, రెడ్ జీబ్రా, ఆరేటస్, కెన్యీ అన్నీ ఆ గుంపులోవే. హాల్లో వాస్తు కోసం పెట్టే ఫ్లవర్‌హార్న్‌ని కూడా కొందరు ఆఫ్రికన్ అంటారు. కాదు. అది అమెరికా ఖండపు సిక్లిడ్‌లను కలిపి మలేసియాలో తయారుచేసిన సంకరం. ఆస్కార్ అమెజాన్ ప్రాంతపుది. వీటిని ఎంబునాలతో కలపకండి.

ఇప్పుడు నీళ్ళు. ఈ సాయంత్రం ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, విసుక్కోకండి.

పీహెచ్ అంటే నీళ్ళు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, ఏడు దాటితే క్షారం. మలావీ నీళ్ళ పీహెచ్ సుమారు 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. టాంగనీకాది ఇంకా ఎక్కువ, 9 దగ్గరికి పోతుంది. మరి మన బోర్ల సంగతి? గీజర్ కాయిల్‌కి తెల్లగా పెచ్చు కడుతుంది, బకెట్ అంచున మరక పోదు, సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతకీ ఉడకదు. మీ ఇంట్లో ఇవన్నీ ఉంటే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు బాగా ఉన్నాయని అర్థం. గప్పీలకూ మోలీలకూ కూడా అవి పనికొస్తాయి, కానీ ఆఫ్రికన్‌లకైతే ప్రాణం. బైకార్బొనేట్ దండిగా ఉంటే పీహెచ్ ఎగుడుదిగుడు కాకుండా నిలకడగా ఉంటుంది. చేపకు కావాల్సింది ఆ నిలకడే. 8.0 ఉందా 8.3 ఉందా అని టెన్షన్ పడక్కర్లేదు.

ఇక్కడ మనవాళ్ళు చేసే పని చూడండి. చేపకు మంచి నీళ్ళు పోద్దామని ఇరవై లీటర్ల ఆర్వో క్యాన్ తెప్పిస్తారు. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ ఆర్వో నీళ్ళలో లవణాలు తీసేసి ఉంటాయి. కొన్ని వారాలకు చేపల విసర్జనలతో ఆ నీళ్ళ పీహెచ్ ఒక్కసారిగా కిందికి జారుతుంది, ఆపడానికి అందులో ఏమీ లేదు. ఇంకొన్ని అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్ ప్లాంటు పెడతారు. అది కాల్షియం తీసి దాని బదులు సోడియం వదులుతుంది. నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం చూపించే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే అంకె దాదాపు అంతే ఉంటుంది, కానీ నీళ్ళు వేరు. అందుకే టీడీఎస్ మీటర్ ఒక్కటి చూసి నీళ్ళు సరిపోతాయని అనుకోవద్దు. పీహెచ్, కఠినత్వం (అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో) చూసే చుక్కల కిట్ కొనుక్కోండి. వీలైతే సాఫ్ట్‌నర్‌కి ముందున్న కుళాయి నుంచి పట్టుకోండి.

బోరు నీళ్ళతో ఒక చిన్న మాయ ఉంది. మోటార్ వేసి అప్పుడే పట్టిన నీళ్ళు పరీక్షిస్తే పీహెచ్ ఏడుకు అటూ ఇటూ చూపించవచ్చు. ‘మా నీళ్ళు పనికిరావు’ అనేస్తారు. భూమి లోపల ఆ నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. బకెట్లో పోసి ఎయిర్ స్టోన్ పెట్టి రాత్రంతా వదిలేయండి. ఆ గ్యాస్ పోతుంది, పీహెచ్ పైకి వస్తుంది, ఆక్సిజన్ కూడా కలుస్తుంది. పొద్దున చూసిన అంకే అసలు అంకె.

మున్సిపల్ నీళ్ళు వాడేవాళ్ళ సంగతి వేరు. కల్యాణి డ్యామ్‌ నుంచీ తెలుగు గంగ నుంచీ వచ్చే నీళ్ళు సాధారణంగా బోరు నీళ్ళంత ఉప్పగా ఉండవు, క్లోరిన్ ఉంటుంది. క్లోరిన్‌కి సోడియం థయోసల్ఫేట్, దుకాణాల్లో యాంటీ క్లోరిన్ అని ఇస్తారు. కఠినత్వం చాలకపోతే ఫిల్టర్‌లో కాస్త పగడపు చూరో, ఆల్చిప్పల ముక్కలో ఒక గుడ్డ సంచిలో కట్టి పెడితే అవి నెమ్మదిగా కరుగుతూ సర్దుతాయి. వంట సోడా కూడా వేస్తారు, పీహెచ్‌ని నిలబెడుతుంది. కానీ గుప్పెడు గుప్పెడు పోసి ఒక్క రోజులో మార్చేయకండి.

ఈ నీళ్ళతో ఒక ప్రమాదం కూడా ఉంది, అది చెప్పకపోతే సగం చెప్పినట్టే. చేప వదిలే అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పల్ని కాల్చేస్తుంది. పీహెచ్ పెరిగేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ ఆ విషపు రూపం వాటా పెరుగుతుంది. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అది ఒక శాతం కూడా ఉండదు. అదే వేడిలో పీహెచ్ 8.5 అయితే 18 శాతం దాకా వెళుతుంది. అంటే గోల్డ్ ఫిష్ తొట్లో చెల్లిపోయిన నిర్లక్ష్యం ఇక్కడ చెల్లదు. కొత్త తొట్టె పెట్టిన రోజే చేపలు వేయడం అందుకే వద్దంటాను. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ళ ఇంట్లో బాగా నడుస్తున్న తొట్టె ఉంటే వాళ్ళ పాత స్పాంజి ఒకటి అడిగి తెచ్చుకోండి, పని త్వరగా అవుతుంది. ఆ స్పాంజిని కుళాయి కింద కడిగారో, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చస్తుంది. తొట్లోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండాలి.

చెన్నై కొళత్తూరు నుంచి చేపలు తెచ్చుకునేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. కవరు మూసి ఉన్నంతసేపూ లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ తగ్గుతుంది, అందుకని పోగుపడ్డ అమ్మోనియా అంతగా బాధించదు. కవరు విప్పగానే గ్యాస్ పోయి పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అందుకని విప్పిన కవర్లో గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్ళు కలుపుతూ కూర్చోకండి. మూసిన కవరును తొట్లో కాసేపు తేలనిచ్చి వేడి సమానం చేయండి, విప్పి కాస్త కలిపి, వలతో చేపను తీసి వదలండి. కవరు నీళ్ళు పారబోయండి.

నీళ్ళయిపోయాయి. రాళ్ళు.

నాలుగడుగుల తొట్టెకు తక్కువైతే ఎంబునాల జోలికి పోవద్దు. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే 255 లీటర్లు. గాజు, రాళ్ళు కలిపితే ఎంత బరువో ఊహించుకోండి. మేడ మీద పెట్టేవాళ్ళు హాలు మధ్యలో కాకుండా గోడ వారగా, కింద దూలం ఉన్నచోట పెట్టండి. తొట్టె కింద థర్మాకోల్ పలక వేయండి. రాళ్ళను ఇసుక మీద పెట్టకండి. ఈ చేపలు నోటితో ఇసుక తవ్వుతాయి, కింద గుంట పడి రాయి జారిందంటే అద్దం పోతుంది. ముందు అడుగున రాళ్ళు కుదురుగా పెట్టి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయాలి.

రాయికి మనకు కరువా! గ్రానైట్ ప్రాంతం మనది. గ్రానైట్ నీళ్ళలో కరగదు, ఏమీ కలపదు, నిక్షేపంగా వాడొచ్చు. పాలిష్ పలకల ముక్కలు మాత్రం వద్దు, అంచులు కోసుకుంటాయి. ఏదైనా తెలియని రాయి దొరికితే దాని మీద కాస్త వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే సున్నం ఉన్న రాయి. మిగతా చేపలకు అది చెడ్డది, వీటికి మంచిదే. తుప్పు రంగు చారలూ, లోహపు మెరుపూ ఉన్న రాళ్ళు వదిలేయండి. కొండ మీంచి మాత్రం తేవద్దు. ఘాట్ రోడ్డు పక్కన కనపడే ఆ రాతి పొరలు చూడటానికి శాస్త్రజ్ఞులు ఎక్కడెక్కడినుంచో వస్తారు. పైగా శేషాచలం అడవి నేషనల్ పార్కు, అక్కడి రాయి తీసుకెళ్ళడం నేరం.

ఇక అసలు గొడవ, అంటే పోట్లాట.

మలావీ రాళ్ళ మీద సన్నగా పాచి పెరుగుతుంది. దాంట్లో చిన్న చిన్న పురుగులుంటాయి. ఎంబునాకు తిండి అదే. ఏ మగ చేపకు మంచి రాయి ఉంటే దానికి తిండీ, ఆడ చేపలూ రెండూ దక్కుతాయి. కాబట్టి రాయి కాపాడుకోవడం దానికి పొగరు కాదు, జీవనం. సరస్సులో ఓడిన చేప నాలుగు బారలు ఈది తప్పించుకుంటుంది, గెలిచింది అంతటితో వదిలేస్తుంది. మన తొట్లో తప్పించుకునే చోటు లేదు. గెలిచింది వదలదు, ఎందుకంటే ఓడింది ఇంకా కళ్ళముందే ఉంది.

దీనికి పాతకాలం నుంచీ నడుస్తున్న ఉపాయం వినడానికి తలకిందులుగా ఉంటుంది. చేపలు తగ్గించడం కాదు, పెంచడం. రైల్లో జనరల్ బోగీ ఖాళీగా ఉంటే ఒక్కడే సీటంతా పరుచుకుని పడుకుంటాడు, ఎవరొచ్చినా కసురుతాడు. కిక్కిరిసి ఉంటే ఆ ఆట సాగదు. నాలుగడుగుల తొట్లో ఎనిమిది ఎంబునాలు ఉంటే హత్యలు జరుగుతాయి, ఇరవై ఉంటే ఏ ఒక్కదాని మీదా కోపం నిలవదు. అయితే ఇరవై చేపల మురికిని మోయగల ఫిల్టర్ ఉండాలి, వారం వారం పావు వంతు నుంచి మూడో వంతు నీళ్ళు మార్చే ఓపిక ఉండాలి. ఆ ఓపిక లేనివాళ్ళు ఈ ఉపాయం వాడొద్దు.

రెండోది, ఒక మగకు మూడు నాలుగు ఆడ చేపలు ఉండేట్టు చూడండి. ఒకే ఆడ చేప ఉంటే మగది దాన్ని వెంటాడి చంపేస్తుంది. మూడోది, ఒకే రంగు, ఒకే చారల తీరు ఉన్న రెండు జాతులను కలపొద్దు. మగ చేప పోటీదారుణ్ణి రంగుతోనే గుర్తుపడుతుంది. కొత్త చేపలు వేసేటప్పుడు రాళ్ళు కదిపి మళ్ళీ పేర్చండి, లైటు ఆపేయండి. ఎవరి హద్దు ఏదో అందరూ మళ్ళీ మొదటినుంచీ తేల్చుకోవాలి, ఆ సందట్లో కొత్తవాటికి చోటు దొరుకుతుంది.

ఏవి కొనాలి? మొదటిసారి అయితే ఎల్లో ల్యాబ్. ఎంబునాల్లో నెమ్మదైనది, మగా ఆడా రెండూ పసుపే. దాంతో పాటు నీలం రంగుది ఏదైనా ఒక జాతి. ఆరేటస్, కెన్యీ మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. దుకాణంలో చిన్న ఆరేటస్ పసుపు మీద నల్ల చారలతో అంత ముద్దుగా ఉంటుంది. పెద్దయ్యాక బలమైన మగది నల్లబడిపోతుంది, తొట్టెకు కొత్వాలు అయిపోతుంది. కెన్యీ పిల్లలన్నీ నీలంగా ఉంటాయి, అందులో మగవి పసుపుగా మారతాయి. ‘నేను నీలం చేప కొన్నాను, అది ఏమైంది?’ అని అడుగుతుంటారు. ఏమీ కాలేదు, అది పెద్దయింది!

(సభలోంచి: సార్, మాది టూ బెడ్రూమ్ ఫ్లాటు, నాలుగడుగుల తొట్టెకు చోటు లేదు. చిన్నదాంట్లో ఏం పెట్టుకోవచ్చు?)

మంచి ప్రశ్నమ్మా. నన్నడిగితే మీకు అందరికంటే మంచి చేప దొరుకుతుంది. టాంగనీకాలో మల్టీఫాసియాటస్ అని ఒకటి ఉంది. రెండంగుళాలు కూడా ఉండదు. ఖాళీ నత్త గుల్లల్లో కాపురం. గుల్ల చుట్టూ ఇసుక తోడుకుని, తనకు నచ్చినట్టు గుల్లను పూడ్చుకుని, పిల్లల్ని అందులోనే పెంచుతుంది. పెద్ద పిల్లలు కూడా అక్కడే ఉంటాయి, కుటుంబమంతా ఒకే చోట. రెండడుగుల తొట్టె చాలు. చెరువు గట్టున దొరికే ఖాళీ నత్త గుల్లలు ఉడకబెట్టి కడిగి వేయండి. రంగుండదు, ఒట్టి గోధుమ చారలు. అందుకే దుకాణంలో ఎవరూ చూడరు, అడిగి తెప్పించుకోవాలి. కానీ నేను గంటల కొద్దీ చూసేది ఆ తొట్టెనే.

తిండి గురించి రెండు మాటలు. ఎంబునా పాచి తినేది, దాని పేగు పొడవుగా ఉంటుంది. మాంసం, గుండెకాయ లాంటివి పెడితే అరగక పొట్ట ఉబ్బే జబ్బు తెచ్చుకుంటుంది, మలావీ బ్లోట్ అంటారు. తిండి మానేస్తుంది, తెల్లగా దారంలా విసర్జిస్తుంది, మూలన ఊగుతూ నిలబడుతుంది. మెట్రోనిడజోల్ అనే మందు వాడతారు, కానీ పొట్ట ఉబ్బిందాకా ఆగితే చాలాసార్లు ఆలస్యమే. తిండితో పాటు ఒత్తిడి, పాడు నీళ్ళు కూడా కారణాలు. స్పైరులినా అనే పాచి కలిపిన మేత గింజలు పెట్టండి, అప్పుడప్పుడూ ఉడికించిన బఠాణీ తొక్క తీసి, పాలకూర వేడినీళ్ళలో ముంచి ఇవ్వండి. రెండు మూడు నిమిషాల్లో అయిపోయేంతే. వారానికి ఒక రోజు పస్తు మంచిది. మన ఊళ్ళో శనివారం ఎట్లాగూ ఇంట్లో ఎవరో ఒకరు ఒంటిపూట ఉంటారు, చేపలనీ కలిపేసుకోండి.

ఇంకొక ఫోన్ నాకు తరచూ వస్తుంది. ‘సార్, చేప తినడం లేదు, గొంతు కింద ఉబ్బింది, మందు వేశాను.’ ఆగండి! అది జబ్బు కాదు, కడుపుతో ఉన్నట్టే లెక్క, కాకపోతే నోటితో. ఈ మలావీ జాతుల్లో ఆడ చేప గుడ్డు పెట్టిన మరుక్షణం నోట్లోకి తీసుకుంటుంది. మగదాని కింది రెక్క మీద గుడ్ల ఆకారంలో పసుపు చుక్కలుంటాయి. అవీ గుడ్లేననుకుని ఆడది అక్కడ నోరు పెడుతుంది, అప్పుడు మగది వదిలే వీర్యం నోట్లోకి వెళ్ళి లోపలున్న గుడ్లు ఫలిస్తాయి. వోల్ఫ్‌గాంగ్ విక్లర్ అనే శాస్త్రవేత్త ఈ దొంగ గుడ్ల సంగతి 1962లో రాశాడు. గుడ్లు నోట్లోకి తీసుకున్నప్పటినుంచి మూడు వారాలు తల్లి దాదాపు ఏమీ తినదు. నోట్లోంచి పూర్తిగా తయారైన పిల్లలే బయటికొస్తాయి. టాంగనీకాలో ఒక క్యాట్‌ఫిష్ ఉంది, అది మన కోకిల పనే చేస్తుంది. సిక్లిడ్‌లు గుడ్లు పెట్టే వేళకు మధ్యలో దూరి తన గుడ్లు కలిపేస్తుంది. దాని పిల్లలు ముందుగా గుడ్లలోంచి బయటికొచ్చి, ఆ తల్లి నోట్లోనే అసలు పిల్లల్ని తినేస్తాయి.

తల్లి నోటితో ఉన్నప్పుడు మందులు వేయకండి. మగది మరీ వేధిస్తుంటే వేరే తొట్టెలోకి మార్చండి. ఇంకొకటి, ‘మిక్స్’ తొట్లో పుట్టిన పిల్లలు చాలావరకు సంకరాలు. వాటికి జాతి పేరు పెట్టి అమ్మడం మోసం. అమ్మేవాళ్ళు నాకు స్నేహితులే, అయినా చెబుతున్నాను.

ఎండాకాలం. ఏప్రిల్, మేలో మన దగ్గర నలభై దాటుతుంది. తొట్లో నీళ్ళు 30 పైన ఎక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, ఇందాక చెప్పిన అమ్మోనియా విషం పెరుగుతుంది. మూత తీసి నీటి మట్టం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అట్లా ఆవిరైన నీళ్ళ బదులు మాత్రం ఆర్వో నీళ్ళు పోయండి. ఆవిరయ్యేది నీరొక్కటే, లవణాలు లోపలే ఉంటాయి కదా. ఆర్వో క్యాన్‌కి ఈ ఒక్క పనిలో న్యాయం ఉంది. కరెంటు పోతే ఫిల్టర్ కంటే ముందు గాలి కావాలి, బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

పెంచలేకపోతే ఏం చేయాలి? ఇది మన ఊళ్ళో తప్పక చెప్పాలి. కోనేట్లోనో, చెరువులోనో, స్వర్ణముఖిలోనో వదిలితే పుణ్యం అనుకుంటారు. వద్దండీ. చేపల బజార్లో జిలేబి అని అమ్మే తిలాపియా కూడా ఆఫ్రికన్ సిక్లిడ్డే. 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు అది లేని చెరువు వెతకాలి, స్థానిక చేపలకు అది పోటీ. విక్టోరియా సరస్సులో 1950ల్లో నైల్ పెర్చ్ అనే పెద్ద చేపను వదిలారు, తిండికీ వ్యాపారానికీ పనికొస్తుందని. 1980ల నాటికి అది విపరీతంగా పెరిగి, అక్కడి సిక్లిడ్‌లలో దాదాపు రెండు వందల జాతులు పోయాయని అంచనా. మనం ఇంట్లో ముచ్చటగా పెంచుకునే ఈ చేపల బంధువులే అవి. చేప వద్దనుకుంటే దుకాణానికి తిరిగివ్వండి, లేదా ఇక్కడున్న ఎవరికైనా ఇవ్వండి. డబ్బు అడగకపోతే ఇంకా త్వరగా పోతాయి.

నేను చుక్కల కిట్ తెచ్చాను. బోరు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చినవాళ్ళు ఈ బల్ల దగ్గరికి వరసగా రండి. సీసా మీద ఏ వీధో రాయండి. అపార్ట్‌మెంటు అయితే సాఫ్ట్‌నర్‌కి ముందు పట్టారో తర్వాత పట్టారో కూడా.